అమ్మ సమాధి మీది వెంపలి

మొగల్తూరు సమాధుల తోటలో అడుగు పెట్టగానే రూబీ ముక్కు మూసుకుంది. గాలినిండా గడ్డిమందు కంపు. ఏటా ఈస్టరు ముందు శనివారం ఆడవాళ్లంతా వచ్చి గడ్డిని చేత్తోనే పీకేవారు, వెంపలి మొక్కల జోలికి మాత్రం పోయేవారు కాదు. అది ఇసకనేల. వెంపలి వేళ్లు పట్టి ఉంచకపోతే మట్టి సమాధులు నాలుగు వానలకే చదునైపోతాయి.

ఈసారి పీకడం లేదు; నిన్న మందు కొట్టిన వరసలన్నీ మాడిపోయి ఉన్నాయి. నల్లబడిన వెంపలి ఊదాపూల మీద తేనెటీగలు ఎగరలేక పాకుతున్నాయి. సిమెంటు సిలువలకు అప్పుడే ప్లాస్టిక్ లిల్లీలు కట్టేశారు.

మూలనున్న వాళ్లమ్మ సమాధి ఒక్కటే ఇంకా పచ్చగా ఉంది. "సిమెంటు వద్దే, నా మీద ఏదో ఒకటి పూయనివ్వు" అని అడిగి మరీ పోయిన మనిషి. సంఘపెద్ద శాంతికుమార్ వీపున స్ప్రేయరుతో సరిగ్గా అటే నడుస్తున్నాడు.

"ఆగండి! అది మా అమ్మది."

"తెలుసమ్మా, అందుకే ఆఖర్న పెట్టాను. రేపు తెల్లారి ఇక్కడ జరిగే ఆరాధనని వీడియో తియ్యడానికి డ్రోన్ వస్తోంది. పైనుంచి అడవిలా కనిపిస్తే బాగోదు కదా."

"వెంపలి చిక్కుడు జాతిదండి. వేళ్లకుండే బుడిపెలతో ఈ ఇసకకి బలం ఇచ్చేది అదే. తేనెటీగలకి ఎండల్లో తిండీ అదే."

"నీ బోటనీ క్లాసు పండగయ్యాక వింటాలే. జరుగు, మీద పడుద్ది."

రూబీ జరగలేదు. అతను మందు కలిపిన స్టీలు బకెట్టు కనబడింది. దాని మీద ఎర్రరంగుతో 'ప్రేమవిందు' అని రాసి ఉంది. రేపు సంఘమంతటికీ సాంబారు వడ్డించేది అందులోనే. అడుగున పచ్చటి జిడ్డు, జిడ్డులో చచ్చిన ఈగ.

"ఇందులోనా కలిపారు?"

"కడిగేస్తాం కదమ్మా, సబ్బుతో."

"మీ ఇంట్లో బకెట్టు లేదా?"

"మా ఆవిడ ఇవ్వనంది."

రూబీ గోడకున్న గునపం తీసి బకెట్టు అడుగున ఒక్క పోటు పొడిచింది.

"అమ్మ సమాధి మీద ఒక్క చుక్క పడినా, దీనికి చిల్లెందుకు పడిందో రేపు విందులో చెబుతాను."

శాంతికుమార్ స్ప్రేయరు దించాడు.

మర్నాడు డ్రోన్ వీడియోలో తోటంతా ఎండుగడ్డి రంగు. మూలన మాత్రం ఒక్క దిబ్బ, పచ్చగా, ఊదాగా.

విందులో సాంబారు రాగానే రూబీ ఆకుకి చెయ్యి అడ్డం పెట్టింది. బకెట్టు కొత్తదే. అయినా ఒట్టి అన్నమే తింది. ఎదురు వరసలో శాంతికుమార్ రెండోసారి పోయించుకుంటున్నాడు.