ఇరీడె కిటికీ

ఇటలీలోని కమోల్యి రేవుకెదురుగా ఉన్న ఆ పొడవాటి ఇంటికి నడిమధ్యన కిటికీలు లేవు. వెనక మెట్లదారి అడ్డొచ్చి, కట్టినవాళ్లు అక్కడ ఉత్త గోడ వదిలేశారు. ఆ బోసితనం కనపడకుండా పూర్వం ఎవరో రంగులతో కిటికీలు వేశారు గానీ, ఉప్పుగాలికి అవి రాలిపోయాయి. ఇప్పుడు మరమ్మతు పని మిలాన్ నుంచి వచ్చిన ఆర్కిటెక్టు తుల్యోది. రంగుల పని ఓర్నెల్లాది. తాతల నాటి నుంచీ ఆ ఊరి గోడలకు బొమ్మలు వేస్తున్న కుటుంబం ఆమెది.

“లేని కిటికీ ఉన్నట్టు చూపించడం అబద్ధమండీ. గోడని గోడలా వదిలేద్దాం,” అన్నాడు తుల్యో పరంజా కింద నిలబడి.

“కట్టడాల మీవాళ్లు పెట్టలేకపోయినవి రంగుల మావాళ్లు పెట్టారు. సంతోషించాల్సింది పోయి!” అంది ఓర్నెల్లా.

ఆ ఇంటి మూడో అంతస్తులో ఉండే ఇరీడె మధ్యలో కల్పించుకుంది. ఆమె వాటా వెనకవైపు, కొండకేసి ఉంటుంది. చేపల పడవలు తిరిగొచ్చేటప్పుడు అందరి భార్యలూ కిటికీల్లోంచి చేతులూపుతారు. ఆమె భర్త నెల్లో కూడా పడవవాడే, కానీ అతనికి మాత్రం ఆ ముచ్చట లేదు.

“నీ నిజం నువ్వుంచుకో నాయనా. అమ్మాయ్, నాకో కిటికీ వెయ్యి. అందులో నన్నూ వెయ్యి, మా ఆయనకి కనపడేట్టు. గడ్డం కింద ముడత మాత్రం వద్దు.”

తుల్యోకి నవ్వాగలేదు. కాసేపు గోడకేసి చూసి, “పడవలొచ్చేది సాయంత్రం కదా? పక్క కిటికీల నీడ అప్పుడెటు పడుతుందో దీని నీడా అటే పడాలి. లేకపోతే ఇట్టే దొరికిపోతాం,” అన్నాడు.

“దొరికిపోతామా? అయితే అబద్ధంలో మీరూ చేరారన్నమాట!” అంది ఓర్నెల్లా.

తానే పరంజా ఎక్కి నీడ గీతలు గీసిచ్చాడు తుల్యో. తడి సున్నం ఆరేలోగా ఓర్నెల్లా రంగులు పట్టించింది. సగం తెరిచిన ఆకుపచ్చ తలుపులు, మోచేతులానించి నవ్వుతున్న ఇరీడె.

పరంజా విప్పిన సాయంత్రం, ఈ బొమ్మ సంగతి తెలియని నెల్లో పడవ రేవు మలుపు తిరిగింది. భార్యను చూసి అతను టోపీ తీశాడు. రెండు చేతులూ ఊపాడు. ఆ సంబరంలో చుక్కాని వదిలేసి పక్క పడవను గుద్దబోయాడు.

రొప్పుతూ మెట్లెక్కి వంటింట్లోకి వచ్చాడు.

“ఏమే, అంతసేపు ఊపితే నువ్వొక్కసారైనా చెయ్యెత్తవేం? రేవంతా చూస్తోంది!”

“నేనెప్పుడు చూశానయ్యా? మధ్యాహ్నం నుంచీ ఈ పొయ్యి దగ్గరే ఉన్నాను!”

నెల్లో కిందికి పరుగెత్తి తల పైకెత్తాడు. రేవంతా నవ్వుతోంది. ఏమంటాడోనని తుల్యో ఓర్నెల్లా వెనక నక్కాడు.

“బొమ్మా!” అన్నాడు నెల్లో చివరికి, కళ్లు తుడుచుకుంటూ. “అయితేనేం, రేపూ ఊపుతాను.”

మర్నాడు ఊపాడు కూడా. ఇరీడె రేవులో నిలబడి, అతను బొమ్మకేసి చూడకముందే తానే చెయ్యెత్తింది.