ఛార్జింగ్ బస్సు

ఊరు చూస్తానని తన పూచీ మీద వచ్చిన చెల్లెలు తప్పిపోతే ఎలా? అక్కకు అన్నిటికన్నా పెద్ద భయం అదే. చంకలో పసిపిల్ల, పొయ్యి మీద పాలు, మనసు మాత్రం చెల్లెలి మీద.

చెల్లెలికి ఇదేమీ పట్టదు. పొగ వదిలే బండి ఎక్కనని వచ్చిన రోజే ఒట్టు పెట్టుకుంది. ఆ ఊళ్లో కరెంటు బస్సు నడిపే బావ నవ్వి, దారి అడిగి ఎక్కు మరదలు పిల్లా అన్నాడు. ఫోనుండగా ఒకరిని అడగడమెందుకని ఆమె మూతి తిప్పింది.

మధ్యాహ్నం మ్యూజియం దగ్గర్నుంచి ఫోన్ చేసింది. బ్యాటరీ అయిపోవస్తోందట, భయం లేదట, ఎదురుగా ఛార్జింగ్ బస్సు ఆగి ఉందట. అంతే, ఆ తర్వాత ఫోను మూగబోయింది.

అక్క స్టాపులో కాళ్లు పీక్కుపోయేలా నిలబడింది. బస్సు మీద బస్సు వచ్చింది, చెల్లెలు దిగలేదు. కంట్రోల్ రూముకు చేస్తే, మావన్నీ ఛార్జింగ్ బస్సులేనమ్మా, నంబరు చెప్పండి అని పెట్టేశారు. పిల్ల ఏడుపు లంకించుకుంది. ట్రిప్పు ముగించాక గానీ మొగుడు ఫోనెత్తలేదు. అంతా విని అసలు సంగతి చెప్పాడు.

"బోర్డు మీద ఛార్జింగ్ అని ఉందంటే బస్సే ఛార్జింగుకి డిపోకి పోతోందని. ఫోన్లకి కాదే."

ఆమె ఆటోలో డిపోకి పరిగెత్తింది. బస్సులన్నీ వరసగా తీగలు తగిలించుకుని నిలబడి ఉన్నాయి. అన్నీ ఖాళీవేనమ్మా అన్నాడు గేటు కాపలాదారు.

"చూసి చెప్తున్నారా, అనుకుని చెప్తున్నారా?"

అతను గేటు తీశాడు. పిల్లను చంకనేసుకుని ఆమే ఒక్కో అద్దం తడుతూ నడిచింది. ఒకచోట లోపలి నుంచి అరచేయి అద్దాన్ని కొట్టింది.

తలుపు తీస్తే చెల్లెలు చెమటకు తడిసి ముద్దయి ఉంది. అరిచి అరిచి గొంతు పోయింది. డ్రైవరు టీకి దిగినప్పుడు ఎక్కి, వెనక సీట్లో వాలి నిద్రపోయిందట.

"ఒక్క ప్లగ్గయినా లేదక్కా ఇందులో."

చెంప పగలగొట్టాలనిపించింది అక్కకు. చేతిలో పిల్ల ఉండబట్టి ఆగింది.

ఆ బస్సులకు చప్పుడుండదు, కుదుపుండదు. కొత్తగా ఊరు చూసి అలిసినవాళ్లకు ఇట్టే కునుకు పడుతుంది. మీరు చివరి స్టాపులో దిగేటప్పుడు వెనక సీటు దాకా వెళ్లి ఒక్కసారి చూడండి. ఎవరి చెల్లెలైనా నిద్రపోతుంటే, భుజం తట్టి లేపండి.