నూనె ఎక్కడికి పోయింది

ఆదివారం బజ్జీలు తిన్నవాళ్లు తిని లేచిపోయారు. జిడ్డు మూకుడు మాత్రం ఎప్పటిలాగే కళ్యాణికి మిగిలింది. సబ్బు పొడి చల్లి రుద్దితే నూనె విరిగి తెల్లటి నీళ్లయింది. ఆ నీళ్లు గొట్టం గుండా పెరట్లో కరివేపాకు చెట్టు మొదట్లోకి పోతాయి. చెట్టేమిటి, ఇప్పుడక్కడ మిగిలింది ఎండిన మోడు. మునుపు నూనెను కాగితంతో తుడిచి పారేశాకే మూకుడు కడిగేది. అప్పుడు చెట్టు పచ్చగానే ఉండేది. "గింత నాజూకేంది? పొడి ఏసి కడుగు" అని మానిపించింది అత్త చంద్రమ్మే. చెట్టు ఎండాక, "నీ చెయ్యే మంచిది గాదు" అని నెలరోజులు సాధించిందీ ఆమే. గొట్టం మార్పిద్దామంటే మొగుడు సురేష్ నవ్వాడు. "పైకి నూనె కనవడ్తలేదు గద, ఇంకేం ఫికర్ నీకు?" పెళ్లయిన ఆరేళ్లలో తను మింగినవి కూడా ఎవరికీ పైకి కనబడలేదు.

మర్నాడు మియాపూర్ నుంచి రెండు బస్సులు మారి హైటెక్ సిటీలో ఆఫీసుకు చేరింది. విదేశీ ప్రయోగశాలల నుంచి వచ్చే ఒక్కో కాగితాన్నీ ఇద్దరమ్మాయిలు విడివిడిగా కంప్యూటర్‌లోకి ఎక్కిస్తారు. తేడా వచ్చినచోట కాగితం చూసి, ఏది సరైనదో తేల్చి, కింద తన పేరు కొట్టడం కళ్యాణి పని. ఆ రోజు వచ్చింది, సముద్రంలో ఓడల నుంచి ఒలికిన నూనెను విరగ్గొట్టడానికి చల్లే మందు పరీక్ష. తొట్టెకు వంద చేపపిల్లలు. నూనె ఒక్కటే పోసిన తొట్టెలో పదకొండు చచ్చాయి. నూనెతోపాటు మందు పోసిన తొట్టెలో అరవై నాలుగు. ఒకమ్మాయి ఉన్నదున్నట్టు కొట్టింది. రెండో అమ్మాయి కాగితమే తప్పనుకుని ఆ రెండంకెలనూ తారుమారు చేసింది.

సూపర్‌వైజర్ రెండో అమ్మాయినే మెచ్చుకున్నాడు. "మందుతో నూనె మాయమయ్యాక చేపలు ఎక్కువెలా చస్తాయండీ? మార్చేసి పంపించండి. ఆలోచించడం మీ పని కాదు."

కళ్యాణికి ఒళ్లు మండింది. "మాయం కాలేదు సార్, నీళ్లల్ల కలిసింది. పైన ఉంటే తీసి పారెయ్యొచ్చు. కలిసినంక చేపలే మింగాలె."

"ఎవరు చెప్పారు మీకు?"

"గిన్నెలు తోమి తెలుసుకున్న."

సూపర్‌వైజర్ కుర్చీ వెనక్కి తోసి లేచాడు.

"రేపటి నుంచి మళ్లీ టైపింగ్‌లో కూర్చుందురుగాని!"

"కూసుంట సార్. ఇయ్యాల్టికి పేరు నాదే."

అరవై నాలుగును అరవై నాలుగుగానే ఉంచి, కింద తన పేరు కొట్టింది.

ఇంటికొచ్చేసరికి పూరీలు వేయించిన మూకుడు ఎదురుచూస్తోంది. పాత పేపరు చింపి సురేష్ చేతిలో పెట్టింది.

"ముందు తుడువు. తర్వాత కడుగు."

"అమ్మ చూస్తే ఏమంటది?"

"చూడనియ్. ఇగ ఈ ఇంట్ల అన్నీ పైకే కనవడాలె."