కాన్పురెన్సు

సలాములు కొట్టీ కొట్టీ కురుమయ్య కుడిచెయ్యి నొసటి దగ్గరే కాపురం పెట్టేసింది. పొద్దుటి నుంచి పాలమూరు దవాఖాన పెద్ద హాలు తలుపు దగ్గర నిలబడే ఉన్నాడు. ఖాకీ కోటుకు బొత్తాం ఊడిన చోట తుమ్మముల్లు గుచ్చుకున్నాడు. తలుపు కాసేవాడికి తలపులుండకూడదని బంట్రోతుల పెద్ద జమేదారు ఏనాడో చెప్పాడు. జుట్టు నెరిసేదాకా అదే పాటించాడు.

లోపల నిజాం ఇలాకా నలుమూలల డాక్టర్లు. గోడ పటాల మీద తల్లుల చావులు ఎర్రగీతలు, పసికందుల చావులు నల్లగీతలు. లోపల ఉపన్యాసం, బయట కురుమయ్యకు ఉపవాసం. లెక్కలు చెప్పేవాళ్లకు వాకిట్లో మనిషి లెక్కలోకి రాడు కదా.

దొరలు దీన్ని కాన్ఫరెన్సు అన్నారు. కురుమయ్య చెవిలో అది కాన్పురెన్సుగా దిగింది. కాన్పుల కోసం ఇంతమంది డాక్టర్లు వస్తున్నారంటే ఎవరైనా ఏమనుకుంటారు? పెళ్లాం కాన్పులోనే పోయిన మనిషి. అందుకే మక్తల్ దిక్కు ఊళ్లో నెలలు నిండిన కూతురు బాలనర్సమ్మకు సంబరంగా కబురంపాడు: మంత్రసానిని వద్దనండి, పాలమూరులో కాన్పురెన్సు పెడుతున్నారు, బండి కట్టుకొని రండి.

మధ్యాహ్నానికి బండి వచ్చింది. దారిలోనే నొప్పులొచ్చాయట, నెత్తురు ఆగడం లేదట. అల్లుడు గాలయ్య ఆమెను దించి వరండాలో పడుకోబెట్టాడు. కాన్పుల గదికి తాళం. తాళంచెవి హాల్లో కూర్చున్న డాక్టరమ్మ దగ్గరుంది.

"కాన్పురెన్సు యాడ మామా?"

కురుమయ్య తలుపు చూపించాడు.

"మరి తియ్యి."

తీశాడు. గడప లోపలే జమేదారు అడ్డం పడ్డాడు. "పెద్ద దొర మాట్లాడుతుండు. అయినంక చెప్త. నీ జాగల నువ్వుండు."

జాగా అంటే జాగా. కురుమయ్య మళ్లీ తలుపు దగ్గర నిలబడ్డాడు, పళ్లు కొరుక్కుంటూ. పల్లెల ఆడవాళ్లు దవాఖానకు ఎందుకు ఆలస్యంగా వస్తారన్నది దొరగారి విషయం. ఆయన మూఢత్వం అన్నాడు, బద్ధకం అన్నాడు, నీళ్లు తాగి మళ్లీ మూఢత్వం దగ్గరికొచ్చాడు. ఆయన ముగించగానే ఇంకొకాయన లేచాడు. వరండాలో మూలుగు సన్నబడుతోంది.

కురుమయ్య జమేదారును తోసుకొని పోయి డాక్టరమ్మ ముందు నిలబడ్డాడు. సలాం కొట్టడం మరిచిపోయాడు.

"నా బిడ్డ యాల్లకే వచ్చిందమ్మా. మీరే లేస్తలేరు."

ఆమె చప్పున లేచి తాళంచెవితో బయటికి పరుగెత్తింది. కానీ అప్పటికే గాలయ్య తువ్వాలుతో ఈగలు తోలడం మానేశాడు. డాక్టరమ్మ నాడి పట్టుకుంది, కడుపు మీద చెవి పెట్టి విన్నది, చేతిని మెల్లగా కింద పెట్టింది. రెండు ప్రాణాలూ వేరుపడకుండానే పోయాయి. లోపల చప్పట్లు మోగాయి.

"ఊర్ల మంత్రసాని మారెమ్మ నేన్ చేస్త అన్నది మామా. మేమే వద్దంటిమి," అన్నాడు గాలయ్య.

"కాన్పు అన్నరు గదా అల్లుడా," అన్నాడు కురుమయ్య. "నాకు గదే ఇనబడ్డది."

బండి మక్తల్ దారి పట్టింది. కురుమయ్య వెనకే నడిచాడు. తలుపు దగ్గర ఎవరూ లేరు. వరండా గచ్చు మీద, పుట్టే బిడ్డకు రాయడానికని తెచ్చుకున్న ఆముదం బుడ్డి, గుడ్డపీలిక బిరడా బిగించినది బిగించినట్టే ఉండిపోయింది.