పరుపుల అరలో ఆఫీసు

చుట్టాల కోసం దాచిన పరుపులు నాలుగింటినీ ఒకటొకటిగా గోడ అరలోంచి లాగి చాప మీద పేర్చాడు ఉమెదా సెయిజి. కలరా ఉండల వాసన గదంతా అలుముకుంది. ఈ ఇంట్లో కాపురం పెట్టి ముప్పై మూడేళ్లయింది. వాటి మీద పడుకున్న చుట్టాలను వేళ్ల మీద లెక్కపెట్టవచ్చు. ఖాళీ అయిన పై అరను తడిగుడ్డతో తుడిచి, చొక్కా జేబులోని ఉక్కు స్కేలు తీసి కొలిచాడు. నేల నుంచి ఎత్తు డెబ్బై ఆరు సెంటీమీటర్లు, లోతు ఎనభై మూడు. వేరే బల్ల కొననక్కరలేదు.

ఒకసారి కొలిచినదాన్ని మళ్లీ కొలవడం అతని అలవాటు. అతను పనిచేసే కంపెనీ కళ్లజోళ్లకు వేసే మరలు అమ్ముతుంది. నువ్వుగింజంత మరలు. సబాయె ఊళ్లో కళ్లజోళ్ల పనితో సంబంధం లేని కుటుంబం తక్కువ. సెయిజి ఆ మరలను ఫోనులో అమ్ముతాడు. తప్పు సైజు వెళితే ఫోనులోనే క్షమాపణ చెప్పుకుంటాడు. ముప్పై ఆరేళ్లుగా అదే కుర్చీలో అదే పని.

పక్కగదిలోంచి భార్య గొంతు వినిపించింది.

"ఏమండీ, ఆఫీసు కట్టడం ఎంతవరకొచ్చింది?"

"కొలతలయ్యాయి."

"పొద్దున్నుంచీ కొలతలేనా? నదిమీద వంతెనైనా ఈపాటికి లేచుండేది."

ఆ గది తోటవైపుకు ఉంటుంది. అద్దెకు తెచ్చిన ఇనపమంచం, చాపలు నలగకుండా దాని కాళ్ల కింద చెక్కముక్కలు. మంచం మీద కజుయో. ఇక ఆసుపత్రిలో చేసేదేమీ లేదు, ఇంటి దగ్గరే ఉంచుకోవచ్చని పెద్ద డాక్టరు చెప్పాడు. కొత్త సంవత్సరం దాకా ఉంటుందనుకోవచ్చన్నాడు. ఇది నవంబరు మూడోవారం.

డాక్టరు ఆ మాట చెప్పిన మర్నాడు సెయిజి సెక్షను అధికారి హోరి ముందు నిలబడ్డాడు. ఇంటి నుంచి పనిచేయనివ్వమని అడిగాడు. హోరి అతనికన్నా పన్నెండేళ్లు చిన్నవాడు. చేరిన కొత్తలో మరల నంబర్లు నేర్పింది సెయిజియే. అతను తనకోసం నోరు తెరిచి అడగడం హోరి ఎన్నడూ చూడలేదు. రెండు రోజుల్లో లాప్‌టాప్ ఇప్పించాడు. కాకపోతే ఇప్పుడు షాపులవాళ్లు ముఖం చూసి మాట్లాడాలంటున్నారు, వెనక ఇంటి సంగతులు కనబడకూడదని ఒక్క మాట అన్నాడు.

అక్కడే చిక్కొచ్చింది. అరకు ఎదురుగా కూర్చుంటే సెయిజి వీపు కజుయో గదివైపు ఉంటుంది. మధ్యనున్న జారుడు తలుపు తీసి ఉంచితే, కెమెరాలో అతని భుజం మీదుగా మంచం మొత్తం కనబడుతుంది.

"మూసెయ్యండి మరి. కస్టమర్లకి నా దర్శనమెందుకు?" అంది కజుయో.

అతను తలుపు మీద చెయ్యి వేసి ఆగాడు.

"మూస్తే మీరు ఆఫీసుకెళ్లిపోయినట్టే. అలవాటేగా నాకు," అని కొంచెం ఊపిరి తీసుకుంది. "ఒక్కసారైనా చూద్దామనుకున్నా, మీరక్కడెలా ఉంటారో. ఆ గొడుగు రోజు నుంచీ."

ఆ గొడుగు రోజు అతనికి తెలుసు. పెళ్లైన రెండో ఏడు అకస్మాత్తుగా వానపడితే ఆమె గొడుగు తీసుకుని ఆఫీసుకు వచ్చింది. భార్యలు ఆఫీసు లోపలికి వచ్చే అలవాటు లేదు. గుమ్మం దగ్గరే నిలబడింది. లోపల్నుంచి భర్త నవ్వు వినబడింది. ఎవరికో ఏదో కథ చెబుతున్నాడు, చుట్టూ ఉన్నవాళ్లు పగలబడి నవ్వుతున్నారు. ఆమె గొడుగు కాపలాదారుకు ఇచ్చి తిరిగి వచ్చేసింది. అలా నవ్వించే మనిషి సాయంత్రాలు ఇంటికి ఎన్నడూ రాలేదు. వచ్చినవాడు స్నానమనేవాడు, అన్నమనేవాడు, పడుకుంటాననేవాడు. అతనిలో కోపం లేదు, చెడ్డతనం లేదు. పగలంతా అపరిచితులకు చెప్పిన మాటలతో అతని మాటలు అయిపోయేవి.

పెళ్లికి ముందు ఆమె కూడా రెండేళ్లు ఊరి పరపతి సంఘంలో పనిచేసింది. పెళ్లి కుదరగానే మానేసింది. ఆ రోజుల్లో అదే పద్ధతి. ఎందుకు మానేశావని ఎవరూ అడగలేదు. సెయిజి కూడా అడగలేదు.

పదకొండు గంటలకు సెక్షనులో పనిచేసే నిషిబె అనే అమ్మాయి వీడియో కాల్ చేసి ఒక్కొక్కటే చెప్పింది.

"ఉమెదా గారూ, మీ ముఖం చీకట్లో ఉందండీ. దయ్యంలా ఉన్నారు. దీపం వెనకుందా?"

"నెత్తిమీదుంది."

"ముందుకి తెండి. కెమెరా ఇంకా పైకి లేవాలి. ఇప్పుడు మీ ముక్కురంధ్రాలు తప్ప ఏం కనబడట్లేదు."

పాత కేటలాగులు నాలుగు లాప్‌టాప్ కింద పెట్టాడు. దీపాన్ని అర అంచుకు బిగించాడు. వెలుగు ముఖం మీదికి కొట్టడానికి ఎదుట తెల్లగుడ్డ పరవమంది నిషిబె. కజుయో మంచం మీంచే బీరువాలో మూడో అర అని చెప్పింది. ఇస్త్రీ మడత నలగని దుప్పటి ఒకటి దొరికింది. టై కట్టుకుని, కోటు వేసుకుని, కింద ఉన్ని పైజామాతోనే కూర్చున్నాడు.

"వెనక్కి తిరగండి, చూస్తా," అంది కజుయో. తిరిగాడు. ఆమె తలనుంచి కాళ్ల దాకా చూసింది. "పైన మేనేజరు, కింద రోగి. నా పైజామా కూడా అదే రంగు."

అతని పెదవులు కొంచెం కదిలాయి. తలుపు మూశాడు.

ఒంటిగంటకు హోరి, నిషిబె తెర మీదికి వచ్చారు. అలవాటు పడడానికి హోరి కస్టమరు వేషం కట్టాడు. "ఒసాకా షాపువాణ్ణి. ఒకటి పాయింటు నాలుగడిగితే ఒకటి పాయింటు రెండు పంపారేంటయ్యా? మరలు అమ్ముతున్నారా, ఆవాలు అమ్ముతున్నారా?"

ఉత్తుత్తి కోపమే అయినా సెయిజి గొంతు మారిపోయింది. మృదువుగా, నిండుగా, తొందరలేకుండా పలికింది. పొరపాటు మాదేనన్నాడు, సాయంత్రం బండికే సరైనవి పంపిస్తామన్నాడు, చేతిలో ఉన్నవి తిప్పి పంపనక్కరలేదు, విరిగిన కళ్లజోళ్లకు పనికొస్తాయి, ఉంచుకోండన్నాడు. చివర్లో అలవాటు కొద్దీ నడుము వంచి దండం పెట్టాడు. ఆఫీసులో ఎదుట ఫోను మాత్రమే ఉండేది. ఇక్కడ నుదురు తిన్నగా వెళ్లి లాప్‌టాప్ మీటలకు తగిలింది. తెర నల్లబడింది.

తలుపు అవతల కజుయో నవ్వింది. నవ్వు దగ్గులోకి దిగి చాలాసేపు ఆగలేదు. సెయిజి పరుగున వెళ్లి వీపు నిమిరి, గోరువెచ్చని నీళ్లు రెండు చెంచాలు తాగించాడు.

"కస్టమరుని తలతో కొట్టి పంపించారు," అంది ఆమె, కళ్లనీళ్లు తుడుచుకుంటూ.

మళ్లీ కలిపాక నిషిబె అంది: "దండం ఎంతవరకు పెట్టాలో ప్రాక్టీసు చెయ్యాలండీ. అమ్మగారి ఫోనుందిగా, ఆవిడతో మాట్లాడి చూడండి. ఒకే గదిలో మాత్రం వద్దు, ఫోనూ లాప్‌టాపూ కలిసి కూతపెడతాయి. మధ్య తలుపు మూసుకోండి."

నాలుగు దాటాక తోటలో వెలుగు పలచబడింది. దూరంగా ఉరుము వినిపించింది. ఈ ప్రాంతంలో నవంబరులో ఉరుమితే మంచు కురిసే రోజులు దగ్గర పడినట్టే. సెయిజి కజుయో ఫోనును మంచం మీది బల్లపై చక్కెర సీసాకు ఆనించాడు.

"ఇలాగేనా మీటింగుకి రావడం?" అంటూ ఆమె తన నీలం స్వెటరు తెమ్మంది. చేతులు ఒకటొకటిగా దూర్చి తొడిగాడు. భుజాలు ఇంత చిన్నవయ్యాయని అతను అప్పుడే గమనించినట్టు కాసేపు అలాగే పట్టుకున్నాడు. దువ్వెన తానే తీసుకుని దువ్వుకుంది. అతను తలుపు మూసి వచ్చి అర ముందు కూర్చున్నాడు.

తెర మీద ఆమె ముఖం వచ్చింది. ఎదుట ఉన్నప్పుడు ఇంత తిన్నగా, ఇంతసేపు ఎప్పుడూ చూడలేదు. ఎడమ కనుబొమ్మలో చిన్న మచ్చ ఉంది.

"నమస్కారమండీ, ఉమెదా గారూ," అంది ఆమె. "ఇవాళే కొత్తగా చేరాను. కజుయో అంటారు."

అతను టై సర్దుకున్నాడు. ఆ తరువాత మధ్యాహ్నపు గొంతే వచ్చింది.

"సంతోషమండీ. మా సెక్షన్లో ఒక పద్ధతుంది. కొత్తగా చేరినవాళ్లే మీటింగు మినిట్సు రాయాలి."

"ఆమాత్రం వచ్చు. పరపతి సంఘంలో రెండేళ్లు రాశాను," అని పేపరుతో వచ్చిన కరపత్రం వెనక్కి తిప్పి, పెన్సిలు తీసుకుంది. "చెప్పండి, ఈ కంపెనీలో ఏం చేస్తారు?"

చెప్పాడు. మర కనబడకుండా ఉంటేనే కళ్లజోడు బాగున్నట్టని చెప్పాడు. కొత్తవాడిగా ఉన్నప్పుడు డబ్బా ఒలకబోసి, ఐదువేల మరలను నేలమీద అయస్కాంతంతో ఏరబోతే, అవి టైటానియంవి కావడంతో ఒక్కటీ అంటుకోలేదని చెప్పాడు. ఆమె నవ్వింది. గొడుగు రోజు లోపల అందరూ నవ్వింది ఆ కథకేనన్నాడు. ఆమె రాయడం ఆపి అతన్ని చూసింది.

"ఇంకా?"

"ఇంకా," అన్నాడు. "మధ్యాహ్నాలు అందరూ ఒకరి డబ్బాలోంచి ఒకరు తీసుకు తింటారు. వేపిన చేప ఇచ్చి గుడ్డు అట్టు పుచ్చుకోవడం, అలా. నేను ముప్పై మూడేళ్లలో ఇంటి డబ్బాలోంచి ఎవరికీ ఒక్క ముక్క పెట్టలేదు. పిసినారినని పేరొచ్చింది." గొంతు సవరించుకున్నాడు. "అంతా నేనే తినాలనిపించేది. బాగుండేది. రోజూ. ఇంటికొచ్చి చెప్పాలనుకుంటూనే ఉండేవాణ్ణి."

తెరమీద కజుయో కళ్లు అతనిమీద నిలిచాయి.

"ఇది రాసుకోవాలి, ఆగండి," అంది. తల వంచుకుంది.

తెర నిండా ఆమె తల వెంట్రుకలు, మధ్య పాపిట. పెన్సిలు గీసుకుంటున్న చప్పుడు చెవిలో వినబడింది. ఎవరైనా రాసుకుంటుంటే మాట్లాడకూడదు. సెయిజి చేతులు మోకాళ్ల మీద పెట్టుకుని నిటారుగా కూర్చున్నాడు. చప్పుడు ఆగింది. ఆలోచించుకుంటోందనుకున్నాడు. ఆమె ఎప్పుడూ నిదానంగానే రాస్తుంది. పిల్లలను ఇళ్లకు పొమ్మనే ఐదుగంటల పాట ఊరి లౌడ్‌స్పీకర్లలో మొదలై, మొత్తం సాగి, ముగిసింది. అతను కదలలేదు. ఇంత మాట్లాడాక ఇంకా చెప్పవలసినవి ఒకటొకటిగా గుర్తొస్తున్నాయి. ఆమె తల ఎత్తగానే చెబుదామని వరుస పెట్టుకుంటూ కూర్చున్నాడు.

పాపిట అలాగే ఉంది. ఉరుము ఈసారి దగ్గరగా వినబడింది. ఆ ఉరుముకు కూడా ఆమె తల ఎత్తలేదు.

"కజుయో," అన్నాడు. ఆ గొంతు ఆఫీసుది కాదు.

లేచి తలుపు తీశాడు.

డాక్టరు వచ్చి చూసి, టైము రాసుకుని, తలవంచి వెళ్లిపోయాడు. నర్సు ఆమె చేతులు గుండెలమీద కలిపి, నీలం స్వెటరు ఉంచమంటారా అని అడిగింది. ఉంచమన్నాడు.

మంచం మీది బల్ల పక్కకు జరిపి ఉంది. దానిమీద సూపర్‌మార్కెట్ కరపత్రం, అవతలివైపు పీతల ధరలు. ఇవతలివైపు గుండ్రటి అక్షరాల్లో తేదీ, హాజరైనవారు ఇద్దరు, వారి పేర్లు. కింద 'భోజనం డబ్బా: బాగుండేది. రోజూ.' ఆ కింద 'తరువాతి సమావేశం' అని రాసి, ఎదుట తేదీకి చోటు వదిలి ఉంది. ఆ చోటులో పెన్సిలు మొన ఆనిన చుక్క ఒకటి.