పేరు లేని చదివింపు

బంగారుపాళ్యం బస్టాండు వెనక వీధిలో అంగళ్ళు ఎందుకు కాలిపోయాయని ఎవరైనా అడిగితే చెప్పడానికి సిగ్గేస్తుంది. ఒక జెండా దిమ్మె! దాని మీద మా జెండా ఎగరాలంటే మా జెండా ఎగరాలని పొద్దున రెండు పార్టీలవాళ్ళూ మాటామాటా అనుకున్నారు, మధ్యాహ్నానికి రాళ్ళు విసురుకున్నారు, సాయంకాలానికి పెట్రోలు సీసాలు పట్టుకున్నారు. ఆ దిమ్మెకు మాత్రం పెచ్చు కూడా ఊడలేదు, మహారాజులా అక్కడే నిలబడి ఉంది. కాలిందంతా ఏ జెండా జోలికీ పోని వాళ్ళది. గురప్ప ప్లాస్టిక్ సామాన్ల అంగడి, లోహిత జిరాక్స్ అంగడి, తిరుమలమ్మ ఇడ్లీల అంగడి, ఆ వరసలోవే ఇంకొన్ని.

తిరుమలమ్మ మొగుడు పోయినప్పటి నుంచీ ఆ రేకుల గదిలోనే పొయ్యి ముందర నిలబడింది. మామిడికాయల లారీలకు బరువులెత్తే కూలోళ్ళకు, బెంగుళూరు పోయే డ్రైవర్లకు ఇడ్లీలు పెట్టి ఒక్కగానొక్క కొడుకు హరినాథ్‌ను ఐటీఐ దాకా చదివించింది. మంటలు ఆరిన సాయంకాలం బూడిదలో గురప్ప పక్కనే కూలబడి, ఆయనతో సమానంగా ఏడ్చింది. అది దొంగ ఏడుపేమీ కాదు.

ఆ తర్వాతే వచ్చింది చిక్కంతా. ఇంటికి పోయేసరికి హరి పెరట్లో తొట్టి దగ్గర మొహం రుద్దుకుంటున్నాడు. దగ్గరికి పోయి గడ్డం పట్టుకుని వెలుగులోకి తిప్పింది. ఎడమ కనుబొమ్మ మాడిపోయి ఉంది. వాడి చేతులు ముక్కు దగ్గర పెట్టుకుంటే, అంత సబ్బు పూసినా పెట్రోలు వాసనే.

"గురప్పన్న అంగడి ముందర టైరు కాల్చింది నువ్వేనా?"

"నేనొక్కన్నే కాదుమా, అందరం ఉండాం." వాడు నేల చూస్తూ అన్నాడు. "గాలి మన అంగడి పక్కకు తిరుక్కుంటాదని ఎవురికి తెలుసు?"

తిరుమలమ్మ వాణ్ణి చాచి చెంప మీద కొట్టింది. ఓరి నీ బుద్ధి పాడుగాను, గాలి తిరక్కపోయుంటే? గురప్పది ఒక్కటే కాలిపోయి మనది మిగిలుంటే, ఇంటికొచ్చి కాళ్ళు చాపుకుని అన్నం తినేవాడివా? ఆ మాట గొంతు దాకా వచ్చింది గానీ అనలేకపోయింది. తెల్లారి మొదటి బస్సుకు వాణ్ణి ఐరాలలో తన తమ్ముడు కుప్పయ్య ఇంటికి తోలేసింది. కుప్పయ్యకు కూడా నిజం చెప్పలేదు, ఊళ్ళో గొడవలుగా ఉన్నాయి కొన్నాళ్ళు నీ దగ్గర పెట్టుకో అని మాత్రమే చెప్పింది.

ఎవరూ అడక్కముందే వీధిలో తానే మొదలుపెట్టింది. "మా వోడు ముందు దినమే ఐరాలకు పోయినాడు. దేవుని దయ, ఈడ లేడు." పోలీసులకూ అదే మాట చెప్పింది, పాలు పోసేవాడికీ అదే మాట చెప్పింది. అబద్ధం ఒకసారి చెప్తే నోరు చేదవుతుందంతే, రోజూ చెప్తూ ఉంటే అన్నం సయించదు. పాపం, రెండు నెలల్లో ఆమె సగమైంది. అంగడి దిగులని అందరూ అనుకున్నారు.

అంగళ్ళు మళ్ళీ కట్టుకోవడానికి సర్కారోళ్ళు వచ్చి టేపు పట్టి కొలిచి, కాగితాలేవీ అన్నారు. పంచాయతీ జాగాలో రోజూ ఆశీలు కట్టి బతికేవాళ్ళకు కాగితాలెక్కడివి? బ్యాంకువాళ్ళు కాఫీ ఇచ్చి పంపించారు. ఆఖరికి బెంగుళూరు నుంచి ఒక ట్రస్టువాళ్ళు వచ్చి మంచి మాటే చెప్పారు. మేము కట్టివ్వం, మీలో మీరు కూచుని ఎట్లా కట్టుకోవాలో, ఎవరిది ముందో మీరే తేల్చుకోండి, మీరు ఎంత పోగుచేస్తే దానిమీద అంత మేము వేస్తాం అన్నారు.

"అడుక్కునేది వద్దు," అన్నాడు గురప్ప. అరవై దాటిన మనిషి, ఆ వీధికంతా పెద్ద దిక్కు. "సదివింపులు పెడదాం. ఈ వీధిలో మనం ఎన్ని పెండ్లిండ్లకు సదివించుండాము! మనకు పెండ్లి లేదు, సరే. అంగళ్ళకే పెండ్లి అనుకుందాం."

అందరూ చాలా రోజుల తర్వాత నవ్వారు. చదివింపు సంగతి ఆ పక్క పల్లెల్లో పసిపిల్లలకు కూడా తెలుసు. అది దానం కాదు. దానం తీసుకున్నవాడు మరిచిపోయినా ఎవరూ అడగరు. చదివింపు అట్లా కాదు. విందు తిని, డబ్బు చేతికిచ్చి, పేరూ ఊరూ మైకులో చదివించుకున్నవాడికి, వాడింట్లో పెండ్లో చెవులు కుట్టడమో జరిగిన రోజున, తీసుకున్నవాళ్ళు పోయి దానిపైన కొంచెమైనా వేసి తిరిగి చదివించి రావాలి. ఊరంతా చెవులారా విన్న బాకీ అది. ఎగ్గొట్టినవాడికి ఆ పైన మర్యాద ఉండదు.

ఎవరి అంగడి ముందు లేపాలన్న మాట వచ్చినప్పుడు గురప్ప తడుముకోలేదు. "తిరుమలమ్మది. కట్టేటోళ్ళకు పొద్దున్నే నాలుగు ఇడ్లీలు యాడ దొరుకుతాయి మరి?"

"నాకు ఆఖర్న సాలన్నా," అంది తిరుమలమ్మ. "అసలు లేకపోయినా సాలు."

"సూడండప్పా మనిషిని," అన్నాడు గురప్ప అందరివైపూ తిరిగి. "మొగుడు లేడు, అంగడి లేదు, అయినా ఆఖర్న సాలంటాది. ఇట్లాంటోళ్ళు ఉండబట్టే వానలు పడతా ఉండాయి." తిరుమలమ్మకు ఆ నేల చీలితే లోపలికి పోవాలనిపించింది. చీల్లేదు. మంచిదాన్ని అనిపించుకుని ఇంటికి పోయింది.

విందు మామిడి మండీ షెడ్డులో పెట్టారు. కాయల కాలం అయిపోయింది గనక షెడ్డు ఖాళీ. ఆదివారం పొద్దు పొడవక ముందే తిరుమలమ్మే ముందు నిలబడి సాంబారు కాచింది, పులిహోర కలిపింది, అడిగిన దానికీ అడగని దానికీ పరుగెత్తింది. పని చేస్తున్నంత సేపూ బాగుంది. మధ్యాహ్నానికి గురప్ప వచ్చి గరిటె లాక్కున్నాడు. అంగళ్ళు పోయినవాళ్ళందరూ పెండ్లివారి మాదిరి గుమ్మంలో వరసగా నిలబడాలి గదా. ఆమె చేతికి గంధం గిన్నె ఇచ్చి తన పక్కనే నిలబెట్టుకున్నాడు. ఆ పక్కన లోహిత నిలబడింది. తండ్రి లేని పిల్ల, అప్పు చేసి కొన్న జిరాక్స్ మిషను ముద్దగా కరిగిపోయింది.

మైకు ముందర చిన్నబ్బ కూచున్నాడు. ముప్పై ఊళ్ళ పెండ్లిళ్ళలో చదివింపులు చదివిన గొంతు అది. పది రూపాయలు ఇచ్చినా పదివేలు ఇచ్చినా ఒకే రాగం. జనం వస్తున్నారు, మణికట్టు చాపి గంధం పూయించుకుంటున్నారు, తింటున్నారు, చదివిస్తున్నారు. ఎక్కడెక్కడి వాళ్ళో వచ్చారు. ఐరాల నుంచి కుప్పయ్య కూడా తెల్ల చొక్కా వేసుకుని వచ్చి అక్కను చూసి చెయ్యెత్తాడు.

"ఐరాల కాపురస్తులు కుప్పయ్య గారు చదివించినది వెయ్యిన్నూట పదహార్లు!" అన్నాడు చిన్నబ్బ. కుప్పయ్య కదల్లేదు. జేబులోంచి ఇంకో కవరు తీసి వంగి ఏదో గొణిగాడు. మైకు ఊరుకుంటుందా? గొణిగిందంతా షెడ్డు నిండా వినిపించింది.

"పేరొద్దంటాడబ్బా వాడు."

"పేరు లేని సదివింపు యాడన్నా ఉండాదా అబ్బా?" చిన్నబ్బ విసుక్కున్నాడు. "రేపు వీళ్ళు ఎవురింటికి పోయి తిరిగిచ్చేది? కానుగ చెట్టుకా?"

జనం గొల్లుమన్నారు. కుప్పయ్య తల గోక్కున్నాడు. వద్దని మేనల్లుడు చేతిలో చెయ్యి వేయించుకున్నాడు, నిజమే. కానీ ఇంత మంచి పని చేసిన మేనల్లుడి పేరు దాచిపెట్టడానికి ఏ మేనమామకు మనసొప్పుతుంది? పోయి చిన్నబ్బ చెవిలో అంతా చెప్పేశాడు.

"ఓహో! మన తిరుమలమ్మ గారి కుమారుడు చిరంజీవి హరినాథ్! జ్యూస్ ఫ్యాక్టరీలో కాయల కాలమంతా రాత్రీ పగలూ పని చేసి, అంగళ్ళు పోయిన మన వాళ్ళందరికీ చదివించినది, అక్షరాలా పద్దెనిమిది వేల రూపాయలు!"

చప్పట్లు రేకుల్ని అదరగొట్టాయి. గురప్ప తిరుమలమ్మ వైపు తిరిగాడు. ఆ పెద్దమనిషికి కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి.

"బంగారమ్మా నీ బిడ్డ! సొంత అంగడి కాలిపోయినా అందరికీ పెట్టినాడు. వాని పెండ్లికి మేమంతా బాకీ పడినాం. బిందెలు, బకెట్లు, తొట్లు, ఏదీ కొనద్దు నువ్వు. అన్నీ నా అంగట్లోవే."

లోహిత కూడా ఆమె భుజం మీద చెయ్యి వేసి నవ్వింది. బాకీ పడ్డారట! అంగడి కాల్చినవాడికి, కాలిపోయినవాళ్ళు బాకీ పడ్డారట! ఇంతకాలం ఆ నిజాన్ని తిరుమలమ్మ ఒక్కతే నిప్పు మింగినట్టు మింగింది, అది ఎట్లాగో పొట్టలో పడి ఉంది. కానీ రేపు ఈ గురప్ప కొత్త బట్టలు కట్టుకుని, బిందెలు మోసుకుని వాడి పెండ్లికి వస్తాడు. వాడు పీటల మీద కూచుని ఆ చేతులతోనే తీసుకుంటాడు. తాను ఎదురుపోయి గంధం పూయాలి. అది మాత్రం ఆమె వల్ల కాదు. గిన్నె కింద పెట్టి నేరుగా మైకు దగ్గరికి పోయింది.

"ఆ దుడ్డు తీసుకోవద్దండి," అంది. చిన్నబ్బ నవ్వబోయి ఆమె మొహం చూసి మానుకున్నాడు.

"మీరెవురూ నా కొడుక్కి బాకీ పడద్దు. గురప్పన్న అంగడి ముందర టైరు కాల్చిన గుంపులో వాడుండాడు. ఆ నిప్పే ఈ వీధంతా కాల్చినాది. వాడు ముందు దినం ఐరాలకు పోలేదు. నేను మర్నాడు పంపించినా. నాకు ఆ సాయంకాలమే తెలుసు. మీకందరికీ అబద్ధం చెప్పినా."

షెడ్డులో తింటున్నవాళ్ళు కూడా చేతులు ఆపారు. కుప్పయ్య ఎక్కడివాడక్కడే కూలబడ్డాడు. అందరికంటే ముందు లోహిత కదిలింది. కొప్పులో పెట్టుకున్న పూలు పీకి కింద పడేసింది.

"నేను ఊరుకోను. స్టేషనుకు పోయి చెప్తా."

"చెప్పుమ్మా. నేనే నీతో వస్తా," అంది తిరుమలమ్మ. ఆ పిల్ల ఆమె మొహం కూడా చూడకుండా షెడ్డులోంచి వెళ్ళిపోయింది.

గురప్ప నిలబడ్డచోటు నుంచే అడిగాడు. ఒక్క మాటే అడిగాడు. గట్టిగా కూడా అడగలేదు.

"ఆ సాయంకాలమే తెలుసా? నా పక్కన కూసోని ఏడ్సినావే అమ్మా."

"అప్పుడు తెలీదన్నా. ఇంటికి పోయినాక తెలిసినాది."

"మరి మర్నాడు?" అన్నాడు గురప్ప. "మర్నాడు కూడా నా పక్కన కూసున్నావు గదా. ఆ పై దినం కూడా."

కొడుకు చేసిన పనికి తిరుమలమ్మ ఇన్నాళ్ళూ సిగ్గుపడింది. ఇప్పుడు తెలిసింది, ఈ మనిషిని గుచ్చింది అది కాదు. తిట్టినా బాగుండేది, కొట్టినా బాగుండేది. ఆయన రెండూ చెయ్యలేదు.

చిన్నబ్బ కవరు రెండు వేళ్ళతో పట్టుకుని, "ఏం చేసేదన్నా దీన్ని? కుప్పయ్యకు ఇచ్చేసేదా?" అన్నాడు.

"ఎట్లా ఇస్తావబ్బా? సదివేసినావు గదా." గురప్ప వచ్చి కవరు అందుకుని కండువాలో ముడేసుకున్నాడు. "నేను తీసుకుంటా. బాకీ పడతా. వాని పెండ్లి దినం పోయి, దీనిమీద ఇంకో రూపాయి వేసి వాని చేతిలోనే పెడతా. నా మొగం సూసి తీసుకోమను." తర్వాత తిరుమలమ్మ వైపు చూడకుండానే అన్నాడు, "పో, గిన్నె పట్టుకో. ఇంకా వచ్చేవాళ్ళు ఉండారు. గుమ్మంలో ఎవురూ లేకుంటే బాగుండదు."

ఆమె పోయి నిలబడింది. జనం ఇంకా వస్తూనే ఉన్నారు, అప్పుడే బస్సు దిగి ఏమీ తెలియనివాళ్ళు కొందరు, అంతా విన్నవాళ్ళు కొందరు. ఎవరు ఎవరో ఆమెకు తెలీదు, మొహాలు చూడలేదు. చాపిన మణికట్లు మాత్రం చూసి గంధం పూసింది. కొన్ని చేతులు చాపబోయి వెనక్కి పోయాయి. ఆ చేతులు ఎవరివో చూడటానికి కూడా ఆమె తలెత్తలేదు.

పొద్దు వాలాక కుప్పయ్య ఆఖరి బస్సుకు బయలుదేరాడు. చెప్పులు వేసుకుని, తీసి, మళ్ళీ వేసుకుని, అక్క ముందర నిలబడ్డాడు.

"పేరు చెప్పొద్దని వాడు వెయ్యిసార్లు చెప్పినాడక్కా. నేనే ఇన్లేదు. పోయి వానికి ఏమని చెప్పేది?"

తిరుమలమ్మ గంధం ఎండిపోయిన వేళ్ళు చీరకు తుడుచుకుంది.

"పేరు సదివినారని చెప్పు," అంది. "గురప్పన్న తీసుకున్నాడని చెప్పు."