తమ్ముడి చేతి కొలత

తమ్ముడికి ఫిట్స్ వస్తే ఇంట్లోవాళ్లకి వెంటనే తెలియాలని, చేతికి కట్టుకునే బ్యాండ్ ఒకటి అక్క తయారుచేసింది. ఒంట్లో వణుకు మొదలవగానే అది కుయ్యిమని మోగుతుంది. ల్యాబ్‌లో ఆమె పనే అది. అంతటితో ఊరుకుంటే అక్క ఎందుకవుతుంది? బోర్డు బొమ్మ, ప్రోగ్రాము, ఏ ముక్క ఎక్కడ అతికించాలో, అంతా నెట్‌లో పెట్టేసి, ఎవరికి కావాలంటే వాళ్లు చేసుకోండి అంది. జనం చేసుకున్నారు. పరీక్షలన్నీ తన మీదే జరిగాయి కాబట్టి తమ్ముడు "నా చెయ్యి దేశదేశాలు తిరుగుతోంది" అని కాలరెగరేశాడు.

ఒకరోజు ఎక్కడో ఉన్న దర్జీ ఒకాయన ఫోను చేశాడు. ఏడేళ్ల కూతురికి తనే బ్యాండ్ చేసి కట్టాడట.

"రెండు నెలలుగా ఒక్కసారీ మోగలేదమ్మా. నిద్రలో ఫిట్స్ వచ్చేవి, పోయినట్టే ఉన్నాయి. నీ చలవే తల్లీ."

అక్క పొంగిపోయింది. ఫోను పెట్టేశాక అనుమానం తొలిచింది. బ్యాండ్ ఫిట్స్‌ని పట్టిస్తుందే గాని తగ్గించదు కదా! పాప బ్యాండ్‌లోని రికార్డులు పంపమని అడిగింది. అవి రాగానే తెరిచి చూసింది. ఫిట్స్ వస్తూనే ఉన్నాయి. బ్యాండ్ మాత్రం కిక్కురుమనలేదు. తమ్ముడిది రోకలిలాంటి చెయ్యి. ఆ చేతి కొలతకి రాసిన ప్రోగ్రాము, పాప సన్నటి చేతి వణుకుని మామూలు కదలికల కింద జమకట్టేసింది. అన్నం ఉడికిందో లేదో ఒక్క మెతుకు చూస్తే చాలు. మనుషుల విషయంలో కూడా అలాగే అనుకుంది అక్క, అదే ఆమె చేసిన తప్పు.

"గుట్టుచప్పుడు కాకుండా సరిచేసి కొత్త ప్రోగ్రాము పెట్టెయ్యక్కా. గోటితో పోయేదానికి గొడ్డలెందుకు?" అన్నాడు తమ్ముడు. పరువు పోతుందని వాడి భయం.

"నీకు వచ్చినప్పుడు అది మోగకపోతే?" అంది అక్క.

వెంటనే దర్జీకి ఫోను కలిపి, తమ్ముడికీ వినపడేలా స్పీకరు పెట్టింది. అసలు సంగతి చెప్పడానికి నోరు రాక, ముందు మందుల గురించి అడిగింది.

"మందా? ఎప్పుడో మానిపించేశానమ్మా. బ్యాండ్ మోగడం లేదుగా, ఇంకెందుకని!"

తమ్ముడు అక్క చేతిలోంచి ఫోను లాక్కున్నాడు.

"పాప ఎక్కడుందండీ ఇప్పుడు?"

"మేడ మీద ఆడుకుంటోంది బాబూ. ఒక్కత్తే. ఏం భయం లేదులే, బ్యాండ్ చేతికే ఉంది."